పది నొక్కులకు పదిహేడు

2023 వేసవి నాటికి కావలిలోని మా టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు పదకొండు, నేర్చుకునేవాళ్లు ముగ్గురు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నేను లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లలను తయారుచేస్తున్నాను. లోయర్ అంటే నిమిషానికి ముప్పై మాటలు కొట్టాలి, హయ్యర్‌కి నలభై ఐదు. తరవాత నాలుగు కంప్యూటర్లు కూడా పెట్టాను గానీ నా పని మారలేదు. వేళ్లకు వేగం నేర్పడమే నా పని.

ఆ రోజుల్లోనే కామాక్షి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. సముద్రం ఒడ్డు పల్లె నుంచి రోజూ ఆటోలో కావలికి వచ్చి, రొయ్యల మేత అమ్మే దుకాణంలో కంప్యూటర్ పని చేసేది.

"లోయరా, హయ్యరా?" అని అలవాటుగా అడిగాను.

"రెండూ కాదు మేడం. మౌసు బటన్ బిరీన నొక్కడం నేర్పిస్తారా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. సంచిలోంచి పాత ల్యాప్‌టాప్, మౌసు తీసి బల్ల మీద పెట్టి వివరంగా చెప్పింది. తనూ, ఇంకో నలుగురు అమ్మాయిలూ కలిసి ఒక ఆట ఆడతారట. అందులో ఇటుకల్లాంటి దిమ్మెలు పేర్చి వంతెన కట్టుకుంటూ ఎదుటివాళ్ల దీవికి చేరాలి. అక్కడ ఎదురుపడ్డవాళ్లతో కొట్లాట. రెండు మూడు సెకన్లలో ఎవరు ఎక్కువసార్లు నొక్కితే వాళ్లదే పైచేయి. ఆ వేగాన్ని సీపీఎస్ అంటారు, సెకనుకు ఎన్ని క్లిక్కులని. ఐదు సెకన్ల పరీక్ష పెట్టి లెక్కిస్తారు.

"మా కెప్టెన్ రేష్మా నెల్లూరులో ఉంటది. పోటీలో ముందుండి కొట్లాడేదానికి పది పైన ఉండాలంది. నాకు పదకొండు వస్తా ఉంది. దాన్ని పన్నెండు చేయాల."

"ఏదీ, చూపించు."

ఆమె నొక్కింది. తెర మీద యాభై ఆరు పడింది, అంటే సెకనుకు పదకొండు పైనే. కానీ నా చెవికి అన్ని వినిపించలేదు. ఏళ్ల తరబడి ఒకే గదిలో పది మిషన్ల చప్పుడు విని, ఎవరు వెనకబడ్డారో తల ఎత్తకుండానే చెప్పగలిగేదాన్ని. ఐదు సెకన్లలో ముప్పై చిల్లర దెబ్బలు పడ్డాయి, అంతే. మౌసు లోపలి స్విచ్చు అరిగితే ఒక్క నొక్కు రెండుగా పడుతుందని నాకు తెలుసు. మా ఇన్‌స్టిట్యూట్‌లోనే రెండు మౌసులు అలా పాడయ్యాయి.

ఆ మాట ఆ క్షణమే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇది మాత్రం దాచకుండా రాయాలి. వేళ్ల పని నేర్చుకోవాలని అంత ఆశగా నా గుమ్మం ఎక్కినవాళ్లు ఆ ఏడాది ఎవరూ లేరు. చెబితే మళ్లీ రాదేమోనని భయపడ్డాను.

మూడు రోజులు పాఠం చెప్పాను. తను అంతకుముందే ఏదో వీడియో చూసి, చెయ్యంతా బిగబట్టి వణికించి నొక్కడం నేర్చుకుంది. అప్పటికే మణికట్టు నొప్పి పెడుతోంది. అది మాన్పించాను. "వేగం నొక్కడంలో లేదమ్మా, వేలు లేపడంలో ఉంది. బటన్‌ని వదిలీ వదలనట్టు లేపు" అన్నాను. టైపులో మేం మొదట నేర్పేది అదే. ఐదు సెకన్లు నొక్కి, ఒక నిమిషం చేతిని ఒళ్లో పెట్టుకోమన్నాను. నేను స్కేలుతో బల్ల మీద తాళం కొడితే ఆ తాళానికి నొక్కేది. సాయంత్రం దుకాణం నుంచి నేరుగా, టీ కూడా తాగకుండా వచ్చేది.

నాలుగో రోజు సంబరంగా వచ్చింది. "ఆదివారం నెల్లూరులో సెలక్షన్ మేడం. దుకాణంలో సెలవు కూడా అడిగినాను. సముద్రంలో చేపల వేట నిషేధం గదా, నాయన ఇంట్లోనే ఉండాడు. నేనూ వస్తానంటా ఉండాడు."

ఇక దాచలేకపోయాను. "కామాక్షీ, నిదానంగా పదిసార్లు నొక్కు. నేను లెక్కపెడతా."

పది నొక్కింది. తెర మీద పదిహేడు పడింది. మళ్లీ నొక్కింది. ఈసారి పద్దెనిమిది. మా ఇన్‌స్టిట్యూట్ మౌసు తగిలించి ఐదు సెకన్ల పరీక్ష చేస్తే ముప్పై రెండు. సెకనుకు ఆరు చిల్లర.

రెండు మౌసులనూ మార్చి మార్చి చూసింది. తరవాత తల ఎత్తకుండానే అడిగింది. "మీకు ముందే తెలుసునా మేడం?"

"మొదటిరోజే తెలుసు."

"మరి యాల చెప్పలేదు?"

"నువ్వు మళ్లీ రావేమోనని."

మౌసు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. రెండు రోజులు రాలేదు. ఆ మౌసు పట్టుకుని పోతే సెలక్షన్‌లో ఎవరూ కనిపెట్టరు. దాన్ని కావాలనే వదిలిందో, కోపంలో మరిచిందో నాకు తెలియలేదు. తీసి సొరుగులో పెట్టాను.

సోమవారం సాయంత్రం గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కొత్త మౌసు.

"నిన్న నెల్లూరుకి పొయినాను మేడం. అందరి ముందరా చెప్పేసినాను, నాది ఆరేనని. ఒకమ్మాయి నవ్వింది. రేష్మక్క నవ్వలా. కొట్లాటకు వద్దులే, వంతెన కట్టే పని నేర్చుకో, పోటీకి నెలన్నర టైముంది అనింది." లోపలికి వచ్చి, "మీ మీద కోపం పోలేదు. కానీ నేర్పేవాళ్లు ఇంకెవురూ లేరు గదా" అంది.

కుర్చీ లాగి వేశాను.

వంతెన పనికి కావాల్సింది వేగం ఒక్కటే కాదు, నిలకడ. ఒక్క నొక్కు తాళం తప్పితే ఆటలోని మనిషి వంతెన మీంచి కింద పడిపోతాడు. అది టైపుకి మరీ దగ్గరి విద్య. కుర్చీ ఎత్తు సరిచేశాను, మోచేయి బల్లకు ఆనించాను. రోజుకు పదిసార్లే పరీక్ష, నొప్పి అంటే ఆరోజుకు సెలవు. ఎక్కువ వచ్చిన అంకె కాదు, పదింటిలో తక్కువ వచ్చింది చూసుకోమన్నాను. ఆరు వారాలకు ఐదు సెకన్లలో నలభై దాటింది. మరీ తగ్గినరోజు కూడా ముప్పై ఏడు.

పోటీకి నన్నూ పిలిచింది. నెల్లూరులో ఒక కాలేజీ హాలు. కామాక్షి, వాళ్ల నాన్న, నేను కలిసే వెళ్లాం. ఆయన తెర మీద ఏం జరుగుతోందో తెలియక నా వైపే చూస్తూ కూర్చున్నారు. "మనమ్మాయి పడలేదు గదా?" అని రెండుసార్లు అడిగారు. పడలేదు. మొదటి ఆట గెలిచారు, రెండోది ఓడారు. రెండింటిలోనూ ఆమె కట్టిన వంతెన మీదుగానే మిగతా నలుగురూ దాటారు.

బయటికొచ్చాక ఆయన నాకు దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను. ఆ దండం తీసుకునే అర్హత నాకు సగమే ఉంది.

నేర్పేవాళ్ల మొదటి బాధ్యత ఉన్నది ఉన్నట్టు చెప్పడమని అంతకుముందూ నాకు తెలుసు. పరీక్షలకు పోయే పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. అయినా విద్యార్థి మీది ఆశతో మూడు రోజులు ఆ మాట మింగాను. నేను దాచిన నిజాన్ని, తనకే నష్టమైనా, నలుగురి ముందు చెప్పింది కామాక్షి. ఆ తరవాత కోపం కోపంగానే ఉంచుకుని, నా ముందు కూర్చుని మౌసు మీదికి చెయ్యి చాపింది. ఇరవై ఆరేళ్లలో నాకు దక్కిన పెద్ద గౌరవం అదే. ఇప్పుడు ఎవరు కొత్తగా వచ్చినా, మొదటి పాఠం అయ్యేలోపే నా చెవికి ఏం వినిపించిందో చెప్పేస్తున్నాను. కొందరు మర్నాడు రారు. వచ్చినవాళ్లకు మాత్రం నిశ్చింతగా నేర్పగలుగుతున్నాను.