మిద్దెల మీద సీసాలు

ఆ రోజుల్లో నీళ్ల డబ్బాలు తెచ్చి ఇంటి ముందు దించిపోయే ఆటోలు లేవు. తీపి నీళ్లు ఎక్కడ ఊరితే బిందె అక్కడికి పోవలసిందే. ఆ నీళ్లలో ఏముందని అడిగేవాళ్లు లేరు. అలా అడగడానికి జీతం తీసుకునే మనిషిగా, 2001లో, ముప్పై ఆరేళ్ల వయసులో, పెనుకొండలోని ఒక స్వచ్ఛంద సంస్థలో నేను మొదటి ఉద్యోగానికి కుదిరాను. అప్పుడు పడుచుదాన్ని. (ముప్పై ఆరేళ్లకు పడుచుతనం ఏమిటని అడగకండి. ఉద్యోగం కొత్త, దానితో వచ్చిన పొగరు కూడా కొత్తదే కనుక పడుచుదాన్నిగానే లెక్క వేసుకోండి.) మూడు నెలలు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. హిందూపురంలో మా పిల్లలకు అప్పటికే "అమ్మ ఆఫీసుకు పోయింది" అని అందరికీ చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ మాటను వాళ్ల నోటి నుంచి వెనక్కి తీసుకునే ధైర్యం నాకు లేదు.

నాకు అప్పగించిన పల్లె పెనుకొండ కొండకు అవతల, ఒక వంక ఒడ్డున ఉంది. బోరు నీళ్లు ఉప్పన, వాటిలో పప్పు ఉడకదు. అందుకని ఊరంతా వంక ఇసుకలో చెలమలు తవ్వుకొని ఆ నీళ్లే తాగేవారు. చూడడానికి చెలమ నీళ్లు అద్దంలా ఉండేవి. గొర్రెలు దిగేదీ ఆ వంకలోకే కాబట్టి పసిపిల్లలకు విరేచనాలు మాత్రం తగ్గేవి కావు. మా సంస్థ ఉపాయం తేలికైనది. రంగులేని ప్లాస్టిక్ సీసాను కడిగి, చెలమ నీళ్లు నింపి, మూత బిగించి, మిద్దె మీద ఆరు గంటలు నిండు ఎండలో పడుకోబెట్టాలి. మబ్బు పడితే రెండు రోజులు. క్రిములు ఎండకు చస్తాయి. కట్టెలు అక్కర్లేదు, మందులు అక్కర్లేదు, ఎండకు మా వైపు ఎప్పుడూ కరువు లేదు.

బస్టాండు హోటళ్లలో ఖాళీ సీసాలు ఏరుకొని, గోతాంలో వేసుకొని పల్లెకు మోసుకుపోయాను. మొదటి ఇల్లు ఒక అవ్వది. ఆమె తల ఊపితే ఊరు ఊపుతుంది. నేను చేతి గడియారం చూపించి ఆరు గంటల సంగతి వివరిస్తున్నంతసేపూ ఆమె సీసా వైపే అనుమానంగా చూసింది. "మేడమ్మా, ఈ సీసా తీస్కోని యాటికి పోతారో నీకు తెల్దా?" అంది. (మరుగుదొడ్లు లేని పల్లెల్లో, పొద్దు వాలాక బయటికి పోయేటప్పుడు చెంబుకు బదులు సీసా పట్టుకుపోవడం అప్పుడే మొదలైంది. నాకు తెలియక కాదు.) "తెలుసవ్వా. ఇకమీదట ఇవి తాగడానికి" అన్నాను. ఒకసారి స్పష్టంగా చెప్పిన మాటను రెండోసారి చెప్పడం నాకు నచ్చదు. "ఊఁ" అంది అవ్వ.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కార్తీకం చలి మొదలయ్యేసరికి మిద్దెల మీద సీసాలు కనిపించసాగాయి. రెండు, తరువాత పది, ఆ తరువాత నలభై మూడు ఇళ్లలో నలభై ఒకటి. నేను వీధి వీధీ తిరిగి, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి లెక్కపెట్టాను. అవ్వే ఎదురొచ్చి "ఇంగా నాలుగు సీసాలుంటే ఇయ్యి మేడమ్మా, కోడండ్లు కొట్లాడుకుంటాండారు" అని అడిగితే, నా మాటకు ఎంత బలముందో అని నాకు నేనే ముచ్చటపడ్డాను. ఆఫీసులో నలభై ఒకటి అని చెప్పాను. అది విని బెంగళూరు నుంచి పెద్దసారు స్వయంగా చూడడానికి వస్తానన్నారు. నన్ను ఉంచేదీ పంపేదీ ఆయన మాటే.

రోజూ నేను నాలుగు గంటల బస్సుకు తిరిగి పోయేదాన్ని కనుక, ఆ పల్లెలో పొద్దు గూకడం ఎన్నడూ చూడలేదు. పెద్దసారు కారు దావలో ఆలస్యమై అయిదున్నర దాటాక వచ్చింది. పచ్చటి ఎండలో మిద్దెలన్నీ మిలమిల మెరుస్తున్నాయి. ఆయన ఎంతో సంతోషపడ్డారు. అంతలో ఇంటికొకరు మిద్దెక్కి సీసాలు దించసాగారు. దించిన ప్రతి మనిషీ ఒక సీసా చేతపట్టుకొని, తలకు గుడ్డ చుట్టుకొని, వంక వైపు నడిచాడు. "అందరూ ఎక్కడికమ్మా?" అన్నారు పెద్దసారు. "చేలకు సార్. అక్కడ తాగడానికి" అన్నాను, గర్వంగా. (ఆ వేళప్పుడు చేలో ఏం పనని అడిగే తెలివి నాకు లేదు.)

ఆయన ముచ్చటపడి, "అవ్వా, నాకూ ఒక సీసా ఇస్తారా?" అని చెయ్యి చాపారు. అవ్వ ఆయన్ను కిందికీ పైకీ చూసింది. "పాపం, కారులో ఎంతసేపు బిగపట్టుకోని కూచున్నాడో" అని నా చెవిలో అని, తన సీసా ఆయన చేతిలో పెట్టింది. "ఇదో సామీ. ఆ కంపచెట్ల పక్కకు పో. ఈ పక్క ఆడోళ్లం పోతాం." పెద్దసారుకు తెలుగు సగమే వచ్చు. నవ్వుతూ మూత తీసి సీసా నోటికెత్తారు.

"అయ్యయ్యో! తాగుతాండాడే! ఓయమ్మా, తాగుతాండాడు!" అని అవ్వ పెట్టిన కేకకు, వరుసలో పోతున్నవాళ్లంతా సీసాలతో సహా నిలబడిపోయారు. అవ్వ సీసా లాక్కుని నా మీదికి తిరిగింది. "ఏం మేడమ్మా, ఇంత సదువుకున్నోడు, కడుక్కునే నీళ్లు తాగుతాడా యాడన్నా?"

"తాగమనే కదవ్వా నేను సీసాలిచ్చింది!"

"తాగేదానికి చెలమలుండాయి కదా! ఇవి వెచ్చగా ఉంటాయని పెట్టుకుంటాండాం. ఈ సలికి సన్నీళ్లు తగిల్తే పానం జల్లుమంటాది. నీ పుణ్యాన ముసిలిదాన్ని సుకంగా పోయొస్తాండా." చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా అవునని తలలూపారు. వాళ్ల ముఖాల్లో నా మీద నిజమైన కృతజ్ఞత ఉంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

పెద్దసారు చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నారు. "ఎన్ని ఇళ్లలో తాగుతున్నారమ్మా?" అన్నారు, చాలా నెమ్మదిగా. నా మూడు నెలలూ, పిల్లల ముఖాలూ కళ్ల ముందు తిరిగాయి. కానీ తప్పుడు లెక్క నా నోట రాదు. "నాకు తెలిసినంతవరకు ఒక్కరే సార్. ఇప్పుడే, మీరు."

ఆయన అరుగు మీద కూలబడి, భుజాలు ఎగిరేలా నవ్వారు. అవ్వ జాలిపడి, "మజ్జిగన్నా తాగు సామీ, నోరు బాగుపడ్తాది" అని గ్లాసు తెచ్చిచ్చింది. (మజ్జిగలో పోసింది చెలమ నీళ్లే. అది చెప్పడానికి సమయం కాదనిపించింది.) కారెక్కుతూ, "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నారు.

ఆ మూడు నెలల్లో నా బోధ వల్ల జరిగింది ఏమీ లేదు. చిన్న సీసాలు అయిపోయాయని హోటలువాళ్లు రెండు లీటర్లవి ఇచ్చారు, నేను పంచాను. అవ్వ పెద్దకొడుకు ఒకటి పట్టుకొని వంక వైపు బయలుదేరాడు. సగం దావలోనే అరుగుల మీద నుంచి ఎగతాళి మొదలైంది: "ఏమప్పా, రొండు లీటర్లా! రాత్రికి ఆడనే పండుకుంటావా ఏం?" "యాల నవ్వుతారబ్బా, ఏం తిన్న్యాడో ఏమో!" అతను వెనక్కి తిరిగి వచ్చి సీసాను మిద్దె మీదికి విసిరేశాడు. ఆ తరువాత పెద్ద సీసాను ఊరు దాటించే మగాడు పుట్టలేదు. అలా పనీపాటా లేకుండా ఎండలో పడివున్న నీళ్లను, వంకదాకా పోవడానికి బద్ధకించిన పిల్లలు ముందు తాగారు. వాళ్లను చూసి అవ్వ ఒక గుక్క తాగింది. "సప్పగుండాది" అని, ఇంకో గుక్క తాగింది. వేసవికి నేను మళ్లీ ఇంటింటికీ పోయి, ఈసారి తాగే నోళ్లను లెక్కపెట్టాను. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు చలికాలం వస్తే నాకు మోకాళ్లు పట్టేస్తాయి. సాయంత్రం కోడలు బకెట్‌లో వేడినీళ్లు పెట్టి పిలుస్తుంది. చేతులు ముంచగానే ఒంట్లోకి పాకే ఆ వెచ్చదనానికి కళ్లు మూతపడతాయి. ఆరు గంటల ఎండకు ఏ క్రిమి చస్తుందో ముప్పై ఆరేళ్లకే నాకు కంఠతా వచ్చు. చలిలో ముసలి ఒంటికి గోరువెచ్చని నీళ్లు ఎంత హాయో తెలియడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. గోతాం భుజాన వేసుకొని ఊరికి పాఠం చెప్పడానికి పోయిన ఆ కొత్త ఉద్యోగిని తలుచుకొని, బకెట్ ముందు కూర్చుని నాలో నేనే నవ్వుకుంటాను. "నీళ్లు చల్లారిపోతాండాయి అత్తా" అంటుంది కోడలు.