వేరుశెనక్కాయలు ఒలిచే వంతు

ఆ రోజుల్లో గురజాల ఎండాకాలం మధ్యాహ్నాలు గడవాలంటే రెండే దారులు: నిద్ర, పేక. ఎండలకు ఆఫీసూ బడీ ఒంటిపూటే. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి, పగటి నిద్ర పట్టేది కాదు. అందుకని అమీను బాబాయి వసారాకు చేరేవాణ్ణి. (కోర్టులో జప్తులకు తిరిగే అమీనుగా చేసి, కాలు విరిగి ఇంటిపట్టున పడ్డ మనిషి. పిల్లల్లేరు, పిన్ని పోయింది. ఆ వసారాకు మనుషులు రాకపోతే ఆయనకు పొద్దుపోయేది కాదు.) మాతోపాటు మిషన్ బడి పంతులు, బట్టలు కుట్టే సాయిబు. డబ్బు పందెం లేదు. ఓడినవాడు అందరికీ వేరుశెనక్కాయలు ఒలిచిపెట్టాలి.

ఆడేది పదమూడు ముక్కలాట. అందులో బాబాయిని కొట్టేవాడు పల్నాట్లోనే లేడు. మనం పారేసిన ముక్కను బట్టి మన చేతిలో ఏముందో చదివేసేవాడు. నెల తిరక్కుండానే పంతులు, "నా గోళ్లు అరిగిపోయినయ్ బాబాయ్, సుద్దముక్క పట్టుకోలేకపోతన్నా" అని మానేశాడు. సాయిబుకేమో ఉన్నట్టుండి పెళ్లిబట్టల పని ఎక్కువైంది. (అప్పుడు మూఢం. ఊళ్లో పెళ్లిళ్లెక్కడివి?) ముక్కలు కలుపుతూ బాబాయి వీధి వైపే చూసేవాడు. ఒకరోజు అన్నాడు: "ఒరేయ్ అబ్బాయ్, గెలవటం గొప్పగాదురా, రేపు గూడా ఆట ఉండాల. మూడు ముక్కలాడదామని చెప్పి వాళ్లను పిలుచుకురా."

మూడు ముక్కలంటే చానావరకు అదృష్టం. నచ్చకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. అప్పుడు ఒలిచే పనీ లేదు, తినే హక్కూ లేదు. మొదటి ఆటే బాబాయి ఓడాడు. ఎన్నడూ కాయ ఒలిచిన చెయ్యి కాదు. పప్పు సాయిబు ఒళ్లోకి ఎగిరింది. "ఏంది బాబాయ్, ఇది గూడా రాదా?" అన్నాడు పంతులు, ఆనందం పట్టలేక. "నేర్పించయ్యా, పంతులువేగా!"

మర్నాడు ఇద్దరూ బాబాయి భోజనం కాకముందే వచ్చి కూర్చున్నారు. నేనైతే వరసగా గెలిచి, ఆట వచ్చేసిందనుకుని, "పదమూడు ముక్కలేద్దామా బాబాయ్?" అన్నాను. "వేద్దాం. రోజుకొక్కటే, ఆఖర్న" అన్నాడు. ఆ ఒక్కదాంతో నా గోళ్లు మళ్లీ అరిగినయ్యి. మూడు ముక్కల్లోనూ ఆయనకు ఒలిచే వంతు మాకంటే తక్కువే వచ్చేది, ఎప్పుడు తప్పుకోవాలో తెలిసినవాడు కనుక. అది మేం కనిపెట్టేసరికి వానలు పడ్డాయి. అప్పటికి ఆ వసారా వదిలి ఎవరం పోగలం!

ఇప్పుడు నాకు ఆయన వయసు దాటింది. మొన్న పదమూడు ముక్కల్లో మనవరాలి చేతిలో వరసగా ఓడి, నడుం నొప్పని లేవబోయాను. ఆ పిల్ల ముక్కలు కలుపుతూ, నా వైపు చూడకుండా, "తాతయ్యా, మూడు ముక్కలాడదామా?" అంది.

గోళ్లు చూసుకుని, నవ్వుకుని, మళ్లీ కూర్చున్నాను.