గట్టెక్కిన వేసవి

మొన్న వేసవి సెలవులిచ్చిన కొత్తలో, ఉయ్యూరు అవతల ఉన్న మా పుట్టినూరి మందిరం వాళ్లు పిల్లలకి బైబిల్ పాఠశాల మొదలుపెడుతూ, దానికి ముందు యౌవనస్థులందరితో కాలవ గట్టు మీద ఒక పరుగు పెట్టారు. ఈ ఊరి ఆడపడుచులు, పైగా రిటైరైన డ్రిల్లు టీచరు, మీరు తప్పకుండా రావాలండీ అని ఫోను చేస్తే తెల్లవారుతూనే బెజవాడలో బస్సెక్కి వెళ్లాను. ఆడపిల్లలందరూ ఒకే రంగు టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు వేసుకుని, జడలు పైకి బిగించి కట్టుకుని, ఎవరి ఫోనులో వాళ్లు ఫోటోలు తీసుకుంటూ నిలబడి ఉంటే చూడ్డానికి కన్నులపండుగగా ఉంది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు, మా అబ్బాయి వయసు కూడా ఉండదు, ప్రార్థన చేసి, జెండా ఊపి, పిల్లలు కదిలాక మైకు అందుకుని, మన సంఘం మొదటినుంచీ ఆడపిల్లల్ని ఆటల్లో ముందు నిలబెడుతూనే వచ్చిందండీ అన్నారు. నా పక్క కుర్చీలో కూర్చున్న మా వదిన, అంటే మా పెదనాన్నగారి కోడలు, నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. నేను లేస్తానని ఆవిడకి తెలుసు.

లేవలేదు. పిల్లల పండగ పాడు చేయడం ఎందుకని ఊరుకున్నాను. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, అప్పటికాయన పుట్టనే లేదు, ఎవరో చెప్పిన మాట నమ్మి చెప్పారు. కానీ నేను పుట్టాను, అక్కడే ఉన్నాను. ఆ రోజుల్లో ఆడపిల్ల అడుగు కాస్త పెద్దదిగా వేస్తే ఎన్ని నోళ్లు లేచేవో నా ఈడు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే, అక్కడ మింగిన మాట ఇక్కడ రాస్తున్నాను.

నేనప్పుడు బెజవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి ఏడాది చదివి వేసవికి ఇంటికొచ్చాను. కాలేజీలో మాకు ఆటలు నేర్పే మేడమ్ ఉండేవారు, పొట్టి మనిషి, మెళ్లో ఎప్పుడూ విజిలు వేలాడుతుండేది. నాకు వేగం లేదని, అలసట మాత్రం ఆలస్యంగా వస్తుందని మొదట కనిపెట్టింది ఆవిడే. అది గొప్ప విషయమని నాకు తెలియదు. దూరపు పరుగులకి అదే కావాలని చెప్పి, వానాకాలంలో బెజవాడలో జరిగే పోటీలకి నా పేరు పంపి, సెలవుల్లో ఒళ్లు బద్ధకించిందంటే తిరిగొచ్చి నాకు మొహం చూపించకు అని మరీ మరీ చెప్పి నన్ను ఇంటికి పంపించారు.

మా ఇంట్లో సంగతి చెప్పాలి. నాన్న షుగరు ఫ్యాక్టరీలో పని చేసేవారు. చెరుకు ఆడే రోజుల్లో ఆయన చొక్కాకి అంటిన మడ్డి వాసన మా ఇంటి వాసన అయిపోయేది, ఇప్పటికీ ఎక్కడైనా బెల్లం పొయ్యి దగ్గర నిలబడితే నాకు ఆయన పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. మాటలు తక్కువ మనిషి. అమ్మకి మాటలు ఎక్కువ, చేతిపనీ ఎక్కువే. ఆడపిల్లవి ప్యాంటేమిటే, నా పరువు తీయడానికే పుట్టావు అని సణుగుతూనే నాన్న పాత కాకీ ప్యాంటు విప్పదీసి, నా నడుముకి కుదించి, మోకాళ్ల దగ్గర వదులుంచి కుట్టిచ్చింది. కుట్టినంతసేపూ తిట్టింది. తిట్టడం అయ్యేసరికి ప్యాంటు కూడా అయింది.

పొద్దున్నే కాలవ గట్టు మీద పరిగెత్తడం, తిరిగొచ్చి స్నానం చేసి లంగా ఓణీ కట్టుకుని బైబిల్ పాఠశాలకి వెళ్లడం, ఇదీ నా వేసవి. ఆ పాఠశాల అంటే మా సంఘం యౌవనస్థులం కలిసి చుట్టుపక్కల పాలేలకి వెళ్లి, ఒక్కో పాలెంలో కొన్నాళ్లు పిల్లల్ని పోగుచేసి, పాటలు, కథలు, ఆటలు నేర్పడం. మా పెదనాన్నగారి ట్రాక్టరు ట్రక్కులో హార్మోనియం, డోలక్, రంగు బొమ్మలు అతికించే గుడ్డ బోర్డు, చాపలు వేసుకుని, చెరుకు తోటల మధ్య డొంకలో దుమ్ము మింగుతూ వెళ్లేవాళ్లం. అభినయంతో పాటలు నేర్పడం నా వంతు. నా గొంతు అంత గొప్పదేం కాదు గానీ చేతులూ కాళ్లూ బాగా ఆడేవి, అందుకని పిల్లలు నన్ను వదిలేవారు కాదు. పొద్దుటి పరుగూ ఆ పాటలూ నాకు వేరు వేరుగా అనిపించేవి కావు. రెండింట్లోనూ ఒళ్లు తేలికైపోయేది, రెండింట్లోనూ దేవుడు దగ్గరగా ఉన్నట్టుండేది. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేకపోయాను.

పెదనాన్న సంఘపెద్ద. చెడ్డవారని మీరు అనుకోకూడదు. తాతయ్య తొందరగా పోతే మా నాన్నని పెంచి, చదివించి, ఫ్యాక్టరీలో చేర్పించింది ఆయనే. మందిరం కప్పు పడిపోతే ముందు తన ఇంటి రేకులు విప్పిచ్చిన మనిషి. అలాంటి మనిషికి కాలవ లాకుల దగ్గర టీకొట్టు కాడ ఎవరో, మీ తమ్ముడి కూతురు ప్యాంటేసుకుని గట్టు మీద పరిగెడతందంటగా అని నవ్వారట. దానికి తోడు గన్నవరం వైపు నుంచి నాకొక సంబంధం వచ్చి ఉంది, వాళ్ల చెవిన కూడా పడింది. ఆయన మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, కోప్పడకుండా, పరిగెత్తాలనే ఉంటే కాలవలోకి దిగి పరిగెత్తు అమ్మాయ్, అక్కడైతే ఎవరి కంటా పడవు అన్నారు. వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేస్తారు కదా, ఎండిపోయిన కాలవ అడుగున ఇసుక, గట్ల చాటు. అమ్మకి ఆ సలహా నచ్చింది. నాకూ సర్దుకుపోవడమే మంచిదనిపించింది.

కొన్నాళ్లు అలాగే దిగి పరిగెత్తాను. ఇసుకలో కాలు దిగబడి పిక్కలు లాగేవి, అక్కడక్కడ మిగిలిపోయిన మడుగుల్లో చచ్చిన చేపల కంపు కొట్టేది. అటూ ఇటూ గట్లు తప్ప ఏమీ కనబడేది కాదు, పైన సన్నగా ఆకాశం. కాళ్లు గట్టిపడ్డాయి, కాదనను. కానీ గట్టు మీద సైకిలు చప్పుడు వినబడితే చాలు, దొంగతనం చేస్తున్నదానిలా మెడ వంచుకునేదాన్ని. ఒకరోజు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పైన వెళ్తున్న పాలెం ఆవిడెవరో ఆగి, కిందికి తొంగి చూసి, చాలాసేపు నన్ను గమనించింది.

"ఏమ్మా, అంత గట్టుండగా గుంటలో పరిగెడతన్నావేంటి? ఏవన్నా పారేసుకున్నావా?"

ఆవిడ వెటకారానికి అనలేదు. నిజంగానే వెతికిపెడదామని అడిగింది. చేతులతో గడ్డి పట్టుకుని పాకుతూ గట్టెక్కాను. ఎక్కాక చెరుకు తోటల మీద నుంచి గాలి మొహానికి కొట్టింది. మళ్లీ ఎప్పుడూ కాలవలోకి దిగలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నన్నూ నాన్ననీ ఆగమన్నారు. మందిరంలో పెద్దలు చాప మీద కూర్చున్నారు, నేను గోడ పక్కన నిలబడ్డాను. మర్నాటి నుంచి అవతలి పాలెంలో పాఠశాల మొదలవ్వాలి. పెదనాన్న సూటిగానే చెప్పారు. ప్యాంటు తొడుక్కుని ఊరందరి ముందూ పరిగెత్తే పిల్ల బైబిలు పట్టుకుని పిల్లల ముందు ఎలా నిలబడుతుంది, అదైనా మానాలి, ఇదైనా మానాలి. పాస్టరుగారు మెత్తటి మనిషి, ఈ ఒక్క ఏడాదికి మానెయ్యమ్మా అన్నారు. పరిశుద్ధ గ్రంథంలో విశ్వాసాన్ని పరుగుపందెంతో పోల్చిన చోట్లు మీరే కదండీ మాకు బోధించారు అన్నాను నేను. అది ఆత్మసంబంధమైన పరుగమ్మా అన్నారు పాస్టరుగారు. దానికీ కాళ్లే కదండీ ఉపమానం అన్నాను. ఒకాయన తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు, పెదనాన్న మొహం ఎర్రబడింది.

"చూశావా తమ్ముడూ, నోరు ఎలా లేస్తందో. రేపు ఏకంగా ఇంట్లోంచే లేచిపోద్ది."

మా నాన్న అన్నగారికి ఎదురు చెప్పడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"అన్నయ్యా, నా కూతురు లేచిపోవట్లేదు. పొద్దున్నే లేచి పరిగెడతంది. అంతే."

అని నా వైపు చూసి, పదమ్మా అన్నారు. మేం గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పెదనాన్న గొంతు వినబడింది, రేపటినుంచి మా ట్రాక్టరు ఎక్కొద్దని చెప్పు దానికి అని.

సోమవారం పొద్దున అందరూ ట్రాక్టరెక్కడం మా వీధిలోంచే కనబడింది. నాతో పాటలు పాడే పిల్లలు నా వైపు చూడలేక అటు తిరిగి కూర్చున్నారు. అమ్మ నా కోసం గుమ్మంలోకి వచ్చేసరికి నేను కాకీ ప్యాంటు వేసుకుని కాన్వాసు బూట్లు ముడేసుకుంటున్నాను. వద్దంటుందనుకున్నాను. మంచినీళ్లు తాగి వెళ్లు అంది.

డొంక దారి చుట్టూ తిరిగి వెళ్తుంది, గట్టు దారి తిన్నగా పాలేనికి పోతుంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఊరి చివర వడ్ల మిల్లు దగ్గర మనుషులు పని ఆపి చూశారు, లాకుల దగ్గర టీకొట్టు కాడ ఎవడో ఈల వేశాడు, నేను వేగం పెంచలేదు, తగ్గించలేదు. చెరుకు తోటల అవతల ట్రాక్టరు రేపిన దుమ్ము కనిపిస్తూనే ఉంది, కాసేపటికి అది నా వెనక పడింది. అప్పుడు మాత్రం, ఒప్పుకుంటాను, నాకు నవ్వొచ్చింది. పరిగెడుతూ పైకే నవ్వాను.

పాలెంలో చింతచెట్టు కింద పిల్లలు అప్పటికే చేరి ఉన్నారు. ట్రాక్టరు కోసం చూస్తున్నవాళ్లకి గట్టు దిగి పరిగెత్తుకొస్తున్న నేను కనబడ్డాను. ఆయాసం తీరకుండానే పాట ఎత్తుకున్నాను. హార్మోనియం లేదు, డోలక్ లేదు, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చేపలు ఈదినట్టు చేతులు ఆడించే పాట ఒకటి ఉండేది, అది మొదలుపెట్టేసరికి పిల్లలందరూ చేపలైపోయారు. సగం పాటలో ట్రాక్టరు వచ్చి ఆగింది.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" అన్నారు పెదనాన్న దిగుతూనే.

"పిల్లలు ఎదురుచూస్తుంటారని వచ్చాను పెదనాన్నా."

"నిన్న చెప్పింది వినబడలేదా?"

"వినబడింది. ట్రాక్టరు ఎక్కొద్దన్నారు. ఎక్కలేదు."

పాట ఆగిపోయింది. వెళ్లిపొమ్మన్నా వెళ్లకూడదనుకున్నాను. అంతలో ట్రక్కులోంచి పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మగారు, మెల్లగా దిగారు. ప్రార్థనలో తప్ప ఆవిడ గొంతు బయట విన్నవాళ్లు మా ఊళ్లో తక్కువ. వచ్చి, పిల్లల మధ్యలో నేల మీద కూర్చుని, పమిట తల మీదికి లాక్కుని, అక్కడెవరూ లేనట్టే నాతో అన్నారు.

"ఎందుకాపావమ్మా? ఆ చేపల పాట మళ్లీ అందుకో. ఎండెక్కుతోంది."

చప్పట్లు మొదలుపెట్టింది కూడా ఆవిడే. పెదనాన్న ట్రాక్టరు వెనక్కి తిప్పించి వెళ్లిపోయారు. పాఠశాల అయ్యాక అందరం, పాస్టరమ్మగారితో సహా, ఎండలో నడిచి ఇంటికొచ్చాం. ఆ పాలెంలో పాఠశాల జరిగినన్నాళ్లూ నేను పరిగెత్తే వెళ్లాను. చివరి రోజులకి అక్కడి ఆడపిల్లలు గట్టు దాకా ఎదురొచ్చి, లంగాలు ఎగ్గట్టుకుని నా వెంట పరిగెత్తేవాళ్లు. గడ్డిమోపావిడ వాళ్లలో ఒకదాని తల్లి అని అప్పుడే తెలిసింది.

దీనికి నేనేమీ చెల్లించలేదని అనుకోకండి. నన్ను పాటల బృందంలోంచి తీసేశారు. ఆ ఏడు క్రిస్మస్‌కి, చిన్నప్పటినుంచీ ముందు వరసలో నిలబడి పాడినదాన్ని, వెనక గుమ్మం దగ్గర కూర్చుని విన్నాను. గన్నవరం సంబంధం వాళ్లు పరిగెత్తే పిల్ల మాకొద్దన్నారు, అమ్మ రెండు రోజులు పొయ్యి దగ్గర ఏడ్చింది. పోటీల్లోనూ పతకమేమీ రాలేదు. వానలో తడిసిన మైదానం, బురద, నా ముందు చాలామందే చేరారు. కానీ చివరి చుట్టు తిరుగుతుంటే కంచె పక్కన డ్యూటీ కాకీ బట్టల్లోనే తడుస్తూ నిలబడ్డ నాన్న కనబడ్డారు. వస్తానని చెప్పలేదు. ఇద్దరం బస్టాండులో వేడి వేడి బజ్జీలు తిని ఇంటికొచ్చాం.

ఆ తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, గన్నవరం దగ్గరే బళ్లో చేరి, ఎంతమంది ఆడపిల్లల్ని పరిగెత్తించానో. పరుగు తెలిసే నన్ను చేసుకున్న మనిషీ దొరికారు. పెదనాన్న పోయేదాకా తన మాట వెనక్కి తీసుకోలేదు, నేనూ క్షమించమని అడగలేదు. ఆయన మంచాన పడ్డప్పుడు వెళ్లి కాళ్లు పట్టాను, ప్రార్థన చేసి వచ్చాను. ప్రేమ వేరు, ఒప్పుకోవడం వేరు. ఆయనకీ ఆ సంగతి తెలుసుననే అనుకుంటాను.

ఇప్పుడు గట్టు మీద సిమెంటు రోడ్డు పడింది. చెరుకు చాలావరకు పోయి చేపల చెరువులొచ్చాయి. మొన్న పిల్లలు పరిగెడుతుంటే మోటారు సైకిళ్ల వాళ్లు హారను కొట్టి పక్కకి తప్పుకుపోయారు తప్ప తల తిప్పి చూసినవాళ్లు లేరు. ఈల లేదు, నవ్వు లేదు. ఎవరూ పట్టించుకోకుండా ఒక ఆడపిల్ల తన దారిన తను పరిగెత్తాలని, ఆ వేసవిలో నేను కోరుకున్నది సరిగ్గా అదే. అది ఎవరూ దయతలచి ఇవ్వలేదు, కాళ్లరిగేలా తెచ్చుకున్నాం. వచ్చినందుకు సంతోషమే. అయినా ఆ పిల్లలు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, పనులాపుకుని గట్టు మీదికొచ్చి, నోరు తెరుచుకుని చూసేవాళ్లు ఒక్కరైనా లేరేమిటా అని నా మనసు ఎందుకు వెతుక్కుందో నాకే తెలియదు.