తలుపు పిడి వెనక గీతలు

మా ఆయన చనిపోయిన రెండు నెలలకి కారు అమ్మకానికి పెట్టాం. మర్నాడు గుడివాడ నుంచి కొనేవాళ్లు చూడటానికి వస్తామన్నారు. బందరులో మా ఇంటి ముందు, మొట్టమొదటిసారి నేనే కారు కడిగాను. షాంపూ నీళ్లతో తోమి, ఆరాక పాలిష్ రాసి మెత్తటి గుడ్డతో రుద్దాను. డ్రైవర్ వైపు తలుపు పిడి వెనక సన్నటి గీతలున్నాయి. తలుపు తీసినప్పుడల్లా ఆయన చిలకలపూడి రోల్డుగోల్డు ఉంగరం గీసుకున్న గుర్తులవి. నా చెయ్యి ఆగలేదు. రుద్దుతూనే ఉన్నాను. గీతలు పోయాయి.

గోడ అవతల నుంచి పక్కింటావిడ చూసి, "కొత్తదానిలా మెరుస్తోంది వదినగారూ!" అంది.

"అవునండీ," అన్నాను.

ఏడుపొస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు. గుడ్డలు ఉతికి తీగ మీద ఆరేసి, లోపలికెళ్లి అన్నం వండుకున్నాను.