పోయిన నలభై సెంటీమీటర్లు

2021. అణు వ్యర్థాలను వేల ఏళ్లు రాతి కడుపులో దాచవచ్చా అని పరిశోధించే సొరంగం. వ్యర్థాలు ఇంకా రాలేదు, రాయికి మాత్రం పరీక్షలు నడుస్తున్నాయి. ఏడో తరగతిలో పరీక్షలంటే పారిపోయిన నన్నే ఆ పరీక్షకు డ్రిల్లర్‌గా పెట్టుకున్నారు.

డ్రిల్లర్ గొట్టంలాంటి బిట్‌ను రాతిలోకి దింపి, లోపలి రాయిని కడ్డీలా బయటికి తీస్తాడు. అది కోర్. దాన్ని లోతు వరుసలో కోర్ బాక్స్‌లో పేరుస్తారు. రాయి నలిగి నీళ్లలో కొట్టుకుపోతే, పోయినంత ఖాళీ వదిలి, కొలత రాసిన చెక్కముక్క పెట్టాలి. పది సెంటీమీటర్లు దాటిన ముక్కలు ఎంత శాతమో చూస్తే ఆర్‌క్యూడీ వస్తుంది. రాతికి వేసే మార్కులన్నమాట.

నేను పని నేర్చింది భూపాలపల్లి బొగ్గు బోర్ల దగ్గర. "డబ్బా నిండితేనే ఇజ్జత్ రా. చెక్క కనవడితే పని రానోడంటరు" అనేవాడు మా ఉస్తాద్. బొగ్గు పొర సరిగా వస్తే చాలు, దాని పైరాయి ఎవరికి కావాలి? పాత ముక్కలతో ఖాళీలు నింపేవాళ్లం.

సొరంగంలో కోర్ పేర్చేది డోర్నకల్ దగ్గరి తండా నుంచి వచ్చిన సోమ్లన్న, దాన్ని కొలిచేది జియాలజిస్టు మేడం. ఒకనాడు నలభై సెంటీమీటర్లు రాలేదు.

"చెక్క పెట్టాల్నా తమ్మీ?"

"మేడం చూస్తే ఆ చెక్కతోనే సన్మానం జేస్తది. జర జరుగు."

పక్క బోరు ముక్కలు రెండు నేనే పెట్టాను.

"నీ దగ్గరుంటే రాయి గూడ అబద్ధాలు నేరుస్తది" అని నవ్వాడు సోమ్లన్న.

మేడం కోస్తా మనిషి. కొలిచి, "భలే తీశారండీ, మంచి రాయి" అంది.

"మాకు భయపడి ఇరగలే మేడం" అన్నాను.

ఆ మార్కులు నమ్మి అక్కడే సొరంగాన్ని వెడల్పు చేశారు. కప్పును పట్టి ఉంచే రాక్ బోల్టులు దూరం దూరంగా కొట్టారు. మూడో వారం కప్పులోంచి ఒక పలక ఊడింది. కింద సోమ్లన్న ఉన్నాడు. కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

మేడం ఆ రెండు ముక్కలూ దవాఖానకు తెచ్చి మా ముందు ఆనించి చూపింది.

"ఇవి ఒకదానికొకటి అతకట్లేదు. పగులు ఎక్కడుందో తెలుసుకోవడానికే కదా ఇంత తవ్వింది? రేపు వ్యర్థాల విషం నీళ్లతో అందులోంచే పోతుంది. దాన్నే దాచేశారు. ఎవరు పెట్టారు?"

సోమ్లన్నే అన్నాడు.

"నేనే మేడం. డబ్బా సదిరేది నేనే గద."

ఆమె వెళ్లాక "ఎందుకన్నా?" అని అడిగాను.

"నాకు ఇగ బోరు పనేడిది? నీ రెండు కాళ్లన్న పనికి పోనీ."

ఆయనకు కూర్చుని చేసే పని ఇస్తామని ఆఫీసువాళ్లు అన్న మాట అప్పటిదాకా ఉండింది. తప్పు ఆయనదేనని రాసుకున్నాక అదీ పోయింది. ఆ రోజు మేడం వెనక నాలుగడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు, కాళ్లున్నది నాకే.

బొగ్గు దగ్గర ఖాళీ అంటే సిగ్గు. సొరంగంలో వాళ్లు వెతికిందే ఆ ఖాళీని. అది నాకు అర్థం కావడానికి ఒక కాలు పోయింది, అదీ నాది కాదు.

ఇప్పుడు జనగామ వైపు బోర్లు వేస్తున్నాను. నా డబ్బాల్లో చెక్కలు చూసి "కట్టెల అడితి పెట్టినవా అన్నా" అంటారు పనివాళ్లు. డోర్నకల్ పోయినప్పుడల్లా సోమ్లన్న ఒకటే అడుగుతాడు.

"చెక్క పెడుతున్నవా తమ్మీ?"

"పెడుతున్న."

ఆయనకు చెబుతాను. మేడంకు ఈనాటికీ చెప్పలేదు.