పచ్చంచు పేలికతో కొలిచిన బండి

నాకు కోపం రాదని మా ఇంట్లో అందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది నేనే. పాలు విరిగితే కోవా చేసుకోవచ్చు అనేదాన్ని. కరెంటు పోతే, దీపం వెలుగులో దేవుడు ఇంకా బాగా కనిపిస్తాడు అనేదాన్ని. చిన్నప్పుడు ఆడపిల్లను వాగు దాటించి బడికి పంపడం ఇబ్బంది అని మా నాన్న నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. చదువే నడిచి మా ఇంటికి వచ్చింది, ఎంత అదృష్టం అని ముసలితనం దాకా చెప్పుకుని మురిశాను. అలాంటి నేను, రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు, మడివాళలో మా గేటు ముందర, గుడిలో పూజ చేయించుకొచ్చిన బండికి కట్టిన బంతిపూల దండను నా చేతులతోనే విప్పి కింద పడేశాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు.

మా ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పని చేశారు. పొద్దున కంపెనీ బస్సులో అదే హోసూరు రోడ్డు, సాయంత్రం అదే బస్సులో అదే రోడ్డు. రిటైరయ్యాక మాత్రం ఇల్లే చక్రాల మీద పెట్టుకుని, పిల్లల పిల్లల్ని వేసుకుని ఊళ్లు తిరగాలన్నది ఆయన కోరిక. నీడ కనిపించిన చోట ఆగి అన్నం వండుకోవాలి, ఏ గుడి ముందర ఆగితే అక్కడే పడుకోవాలి. ఆ కోరిక నాకూ నచ్చింది. మొదట ఒక చిన్న పాత వ్యాను కొన్నారు. వెనక సీటు పీకేసి చెక్క పరిచి, పక్కన స్టవ్ పెట్టుకున్నాం. దేవుడు మాకు తిరిగే ఇల్లు కూడా ఇచ్చాడని ఆ రోజు దణ్ణం పెట్టుకున్నాను.

మా కొడుకుకు ఇద్దరు మగపిల్లలు. మాతోనే ఉంటారు. కూతురు హూడిలో ఉంటుంది, ఆమెకు ఒక్కతే పాప. అప్పటికి ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే పాప కుడికాలు సన్నం, మోకాలు వంగదు. ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని, చంకలో కర్రతో నడుస్తుంది. ఆ చిన్న వ్యానులో ఆ కాలు చాపుకోవడానికి చోటు లేదు. లేపాక్షి ప్రయాణం అనుకున్నప్పుడు, "ఈసారికి వద్దులే, పాపకే ఇబ్బంది" అన్నారు మా ఆయన. బయలుదేరే రోజు పాప మమ్మల్ని పంపడానికి వచ్చి, నేనిచ్చిన పులిహోర డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. ఆ బండిలో నేనూ కూర్చున్నాను. దిగలేదు. లేపాక్షిలో శివుడి ముందు నిలబడి ఏం మొక్కుకున్నానో కూడా గుర్తు లేదు.

ఆ తర్వాత ఆయన చిన్నది అమ్మేసి పెద్ద బండి చూద్దాం అన్నారు. పాప కోసమే అనుకున్నాను. ఒకరోజు పాపను మా ఇంటి గడప దగ్గర, మెట్ల దగ్గర నడిపించి చూశాను. పాత చీర పచ్చంచు చించి ఒక పేలిక తీసి, పాప ఎవరి సాయం లేకుండా ఎంత ఎత్తు ఎక్కగలదో అంత దగ్గర ఒక ముడి వేశాను. కర్రా, చాపిన కాలూ తగలకుండా లోపలికి పోవడానికి తలుపు ఎంత వెడల్పు ఉండాలో కొలిచి ఇంకో ముడి వేశాను. ఆయన చేతికిచ్చి, "ఈ రెండు ముళ్లూ సరిపోయిన బండి చాలండి, ఇంకేమీ చూడొద్దు" అన్నాను. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా ఎదురుగానే పెట్టుకున్నారు.

బండి చూసే పనిలో తోడు మా తమ్ముడు. పాత బండ్ల దళారులందరికీ వాడు స్నేహితుడు. పది రోజులు ఇద్దరూ తిరిగారు. ఒక శనివారం పొద్దున నేను పూజ ముగించుకుని లేచేసరికి గేటు ముందర హారన్.

"అక్కా, రా బయటికి! కండ్లు మూసుకోని రా. సినిమా బండి తెచ్చినాము!"

షూటింగులప్పుడు నటులు మేకప్ వేసుకుని కూర్చునే వ్యాను అది. లోపల గోడంత అద్దం, దాని చుట్టూ బల్బులు, ఎర్రటి సోఫా, పైన ఒక ఇరుకు పడక. మా ఆయన అద్దం ముందర కూర్చుని తల దువ్వుకుంటున్నారు.

"ఏమే, చూడు. ఈడ పెద్ద పెద్ద హీరోయిన్లు కూర్చోనుండారంట. మా ఫ్యాక్టరీ వాళ్లు చూస్తే కండ్లు తిరగాల!"

తలుపు చూశాను. నేనే ఒక పక్కకు తిరిగి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. కింద ఇనుప మెట్టు నా మోకాలి పైకి ఉంది.

"పాప ఎట్లా ఎక్కుతుందండీ?"

"ఎత్తి కూర్చోబెడదాం లే. ఊరికే దిగులు పడొద్దు."

"నేనిచ్చిన దాంతో కొలిచినారా?"

ఆయన మళ్లీ అద్దం వైపు తిరిగారు. తమ్ముడు నవ్వాడు. "కొలతలేంది అక్కా? ఇదేమన్నా రవిక గుడ్డా? ఇంక ఏం మాట్లాడొద్దు. గుడి ముందర పూజ కూడా అయిపోయిండాది. గుమ్మడికాయ కొట్టినాము, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినాము. దేవుని కుంకుమ పడిన బండిని వాపసు ఇస్తారా ఎవరైనా? నీకు తెలీదా?"

నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. కాగితాల మీద సంతకాలు ఇంకా కాలేదు, సోమవారం చేద్దామనుకున్నారట. పూజ మాత్రం నేను చూడకముందే, ఆదరాబాదరా ముగించారు. అది అప్పుడే నాకు అర్థమైంది. అర్థమై కూడా ఏం చేశాను? లోపలికి వెళ్లి హారతి పళ్లెం తెచ్చి ఆ బండికి హారతి ఇచ్చాను. "మంచిది" అన్నాను. ఆ మాట నాకు అంత అలవాటు.

గంట తర్వాత మా కూతురు పాపను తీసుకుని ఆటోలో దిగింది. మగపిల్లలిద్దరూ అప్పటికే పై పడక మీద ఎగురుతున్నారు. పాప కర్ర మీద ఆనుకుని మెట్టు వైపు చూసింది, తలుపు వైపు చూసింది. లెక్క దానికి వెంటనే తెలిసిపోయింది. నా వైపు తిరిగి నవ్వింది.

"పర్వాలేదు అవ్వా. మీరు పోయి రండి. నాకు ఇంట్లో టీవీ ఉండాది, పుస్తకాలు ఉండాయి. దేవుడు అన్నీ ఇచ్చినాడు కదా!"

అవి నా మాటలు. ఆ నవ్వు కూడా నాదే. ఎనిమిదేళ్ల పిల్లకు నేను నేర్పింది ఇదా? ఒళ్లంతా మండిపోయింది. తల తిప్పుకున్నాను. తిప్పుకున్న చోట, బండి ముందర, బంతిపూల దండ కొసన నా పచ్చంచు పేలిక కనిపించింది. దండకు దారం చాలక, ఆయన జేబులో ఉన్నదాన్ని తీసి దాంతో కట్టారు. నేను వేసిన రెండు ముళ్లూ దాని మీద అలాగే ఉన్నాయి.

వెళ్లి విప్పాను. వాళ్లు కట్టిన ముడి బిగిసిపోయి రాకపోతే పంటితో లాగాను. దండ జారి మట్టిలో పడింది.

"అక్కా! అపచారం!" అని తమ్ముడు అరిచాడు.

"అపచారం నేను చేసిందా? నువ్వు మాట్లాడొద్దురా, నోరు మూసుకో!" వాణ్ని నేను అలా అనడం వాడు పుట్టాక అదే మొదలు. మా ఆయన వైపు తిరిగాను. "నేను చూడకముందే పూజ ఎందుకు చేయించినారు? చెప్పండి. నేను నోరెత్తనని కదా? దేవుణ్ణి తెచ్చి నాకు అడ్డం పెడతారా?"

"మెల్లగా. వీధిలో అందరూ చూస్తా ఉండారు. లోపలికి పోదాం రా."

"చూడనీ. ఎత్తి కూర్చోబెడతామన్నారు కదా, కూర్చోబెట్టండి. ఇప్పుడే. మీ చేతులతోనే."

ఆయన పాపను చంకల కింద పట్టుకుని ఎత్తారు. చాపిన కాలు తలుపుకు అడ్డం పడింది. పక్కకు తిప్పారు. ఇనుప బూటు తలుపు అంచుకు ఠంగుమని కొట్టుకుంది. పాప కళ్లు గట్టిగా మూసుకుంది, ఏడవలేదు. మా కూతురు, "నాయనా, చాలు, దించు" అంది. ఆయన దించారు. దించాక చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు.

 పాపను, కూతురిని తీసుకుని, వాళ్లు వచ్చిన ఆటోలోనే హోసూరు రోడ్డు పక్కన ఉన్న పాత బండ్ల యార్డుకు పోయాను. సినిమా బండి ఇచ్చిన దళారి, మా తమ్ముడి స్నేహితుడు, అక్కడే ఉన్నాడు.

"సినిమా బండి కంటే మంచిది ఏముంటాదమ్మా? స్వల్ప అడ్జస్ట్ మాడ్కోళి" అన్నాడు, కొంచెం సర్దుకోండి అని కన్నడంలో.

"ముప్ఫై ఏండ్లు చేసుకున్నానప్పా. ఇంక చాలు. ఈ పిల్ల ఎక్కే బండి చూపించు."

మూడు బండ్లు చూపించాడు. మూడింటి మెట్లూ నా మొదటి ముడి దాటి పైకే ఉన్నాయి. అన్నిటికంటే వెనక, ప్రహరీ పక్కన ఒక పెద్ద తెల్ల మినీ బస్సు దుమ్ము కొట్టుకుని ఉంది.

"అది వద్దమ్మా. కంటి ఆపరేషన్ల క్యాంపులకని ఊర్ల వెంబడి తిరిగిన బస్సు. రోగాల బండి అని ఎవరూ కొనేది లేదు."

వెనక తలుపు తెరిపించాను. ఆస్పత్రి వాసన గుప్పుమంది. ఆ పక్క, ఈ పక్క పొడుగాటి పడకలు, మూలన కొళాయి ఉన్న సింకు, తలుపుకు రెండు వైపులా పట్టుకునే కడ్డీలు. చూపు ఆనని ముసలివాళ్లు ఎక్కాలని మెట్లు కిందికి పెట్టించి ఉన్నారు. పేలిక పట్టి చూశాను. మొదటి ముడికి మెట్టు రెండు వేళ్లు కిందికే ఉంది. రెండో ముడి పోయాక కూడా తలుపు ఇంకా జానెడు మిగిలింది.

పాప కర్ర నాకిచ్చి కడ్డీ పట్టుకుంది. సాయం పోబోయిన కూతురి చెయ్యి నేను పట్టుకుని ఆపాను. ఒక మెట్టు, ఆగి ఊపిరి తీసుకుని ఇంకో మెట్టు. ఎంతసేపు పట్టిందో తెలియదు. లోపలికి వెళ్లి పడక మీద కూర్చుని కాలు బారుగా చాపుకుంది. చాపినా ఇంకా చోటు మిగిలింది.

అప్పటికి మా ఆయన, తమ్ముడు స్కూటర్ మీద వచ్చారు.

"ఇదా? కంటి క్యాంపు బండా?" అన్నారు ఆయన. "ఫ్యాక్టరీ వాళ్లు నవ్వుతారే."

"నవ్వనీ. ఎంతమందికి చూపు వచ్చిందో ఇందులో. ఎక్కండి, మీకూ రావచ్చు."

తమ్ముడు పకపకా నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. ఆయన ఎక్కలేదు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నా చేతిలోని పేలిక అడిగి తీసుకున్నారు. ఆ తలుపుకు తనే మళ్లీ పట్టి కొలిచారు. తర్వాత దళారిని పిలిచి, సినిమా బండి సాయంత్రం వెనక్కి తెస్తాం, సంతకాలు దీనికే అన్నారు. కొంచెం దూరం వచ్చాక మాత్రం మెల్లగా, "మళ్లీ పూజ చేయించాల కదా?" అన్నారు.

"కొబ్బరికాయ పాప కొడుతుంది. ఈసారి నేను చూసినాకనే."

ఆయన మీద కోపం లేపాక్షి దాకా తగ్గలేదు. అవును, మళ్లీ లేపాక్షికే పోయాం, పాప అడిగితే. నా మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఆ రోజు యార్డులో జరిగిన ఒక్కదానికి మాత్రం దేవుడికి మనసారా దణ్ణం పెట్టుకున్నాను. పాప నాకు థ్యాంక్స్ చెప్పలేదు. దేవుడు ఇచ్చాడని కూడా అనలేదు. కిటికీ అద్దం పక్కకు జరిపి తల బయట పెట్టి, కళ్లెర్రజేసి అరిచింది:

"అవ్వా! ఈ కిటికీ పక్కది నాదే. మామ పిల్లోళ్లిద్దరికీ ఇచ్చేది లేదు. ముందే చెప్తా ఉండా!"