సున్నా ఎక్కడ పెట్టాలి?

మా అత్త రెడీమేడ్ బట్టల కొట్లో చొక్కాలు మడతపెడుతుంది. వచ్చినవాళ్లు అరలో ఉన్నవన్నీ విప్పించి, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోతారు. ఆ చొక్కాలన్నిటినీ ఎవరి చెయ్యీ తగలనట్టు మళ్లీ మడిచి పెట్టడమే ఆమె ఉద్యోగం. వీపు వెనక అట్ట, కాలరు కింద ప్లాస్టిక్ పట్టీ, మధ్యలో పల్చటి కాగితం, అక్కడక్కడ గుండుసూదులు. చొక్కా కొన్నవాళ్లలో చాలామంది ఈ సరంజామా అంతా బల్ల మీదే వదిలేసి పోతారు. అదంతా పోగుచేసి అత్త ఇంటికి తెస్తుంది. అందుకే ఆమెకి మా ఇంట్లో అట్టత్త అని పేరు. ఎదురుగా ఉంటే అత్త, గుమ్మం దాటితే అట్టత్త.

ఆమె మా నాన్నకి అక్క. మా ఇంట్లోనే పై గదిలో ఉంటుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదరలేదు" అని ఊరుకుంటుంది.

ఆ అట్టలతో ఆమె చెయ్యనిది లేదు. మా ఇంట్లో నాన్న కళ్లజోడుకి ఒక ఇల్లుంది. టీవీ రిమోట్‌కి మేడ ఉంది. అమ్మ తలనొప్పి మాత్రలకి బాల్కనీతో సహా చిన్న బంగళా ఉంది. మేము అద్దెకుంటున్నాం కానీ మా వస్తువులన్నిటికీ సొంతిళ్లున్నాయి. ఇవి కాక పల్చటి కాగితంతో గులాబీలు, కాలరు పట్టీలతో గాజుల స్టాండు, గుండీలతో ఫోటో ఫ్రేములు. జిగురు కూడా ఆమె కొనదు, మైదా ఉడికిస్తుంది. ఒకసారి నాన్న ఆ గిన్నె చూసి గంజి అనుకుని ఆఫీసు చొక్కాకి పెట్టేశాడు. ఆరాక ఆ చొక్కా దండెం మీంచి తీస్తే దానంతటదే నిలబడింది. అది తొడుక్కుని వెళ్లిన నాన్న ఆ రోజంతా వంగలేక నానా తంటాలూ పడ్డాడు. అత్త మాత్రం తమ్ముడి అవస్థ చూసి, "చూశారా, నా జిగురు ఎంత గట్టిదో!" అని మురిసిపోయింది.

ఎవరింట్లో పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా, ఎవరికి కొత్త ఉద్యోగం వచ్చినా, అత్త ఏదో ఒకటి చేసి పట్టుకెళుతుంది. ఇచ్చేటప్పుడు ఆమెది ఒకటే మాట, "ఖర్చేం లేదులే, ఉన్నవాటితో చేశాను." పుచ్చుకునేవాళ్లదీ ఒకటే మాట, "ఎందుకత్తా నీకీ శ్రమ!" ఆ మాటకి అసలు అర్థం ఏమిటో మాకు తెలుసు. అత్తకీ తెలుసు.

ఒక ఆదివారం పై గదిలో కూర్చుని గులాబీ రేకులు ముడుస్తూ ఆమె నాతో అంది. "ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి 'అత్తా, నాకిది చేసిపెట్టవా' అని అడగలేదే. నేనే చేస్తా, నేనే ఇస్తా. అడిగి చేయించుకునేవాళ్లుంటే ఆ దర్జాయే వేరు."

అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక మా వదిన సంగతి. అన్నయ్యా వదినా రెండు వీధుల అవతల వేరే ఇంట్లో ఉంటారు. వదిన మంచిదే, కాకపోతే ఆమెకి గోడల పిచ్చి. తెల్లటి గోడలు, వాటి మీద ఒకే ఒక్క గడియారం. మేకు కొట్టాలంటే తన గుండెలో కొట్టినట్టు బాధపడుతుంది. పెళ్లికి అత్త గుండీల ఫ్రేము చేసి ఇస్తే, దుమ్ము పడుతుందని బట్టలో చుట్టి బీరువా మీద పెట్టింది. పదేళ్లయినా దాని మీద దుమ్ము పడలేదు. అత్త ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ముందు గోడలకేసి చూస్తుంది, తర్వాత మనుషులకేసి చూస్తుంది. వదిన కాఫీ తేగానే, "గోడలు ఉతికినట్టున్నాయమ్మాయ్" అంటుంది. అది మెచ్చుకోలనుకుని వదిన పొంగిపోతుంది.

వాళ్ల పదో పెళ్లిరోజు దగ్గరపడింది. వదిన చాలామందిని పిలిచింది, తన ఆఫీసు మేనేజరు గారిని కూడా. అత్త మునుపటిలా గులాబీలూ పెట్టెలూ చెయ్యకుండా, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు కత్తిరించింది. అరచెయ్యంత అట్టల మీద ఒక్కో అక్షరం, చుట్టూ రంగు దారంతో కుట్టు. దారానికి వరసగా గుచ్చి గోడకి కడితే "పది వసంతాలు" అని రావాలి. ఆ అక్షరాలు ఎంత బాగున్నాయంటే, ఆమె చేసినవాటిని ఎప్పుడూ ఆటపట్టించే నేనే నోరు మూసుకున్నాను.

ఒక్క సున్నా మాత్రం అట్టతో చెయ్యలేదు. చలికోటుకి ఉండే పెద్ద నల్ల గుండీని విడిగా పొట్లం కట్టి పెట్టింది. "సున్నా కత్తిరించాలంటే బొటనవేలు పోతుందే. గుండీలున్నది ఎందుకు మరి?" అంది.

"నువ్వే దారానికి గుచ్చి ఇవ్వొచ్చుగా అత్తా?"

"గోడ ఎంత వెడల్పుందో నాకేం తెలుసు? నన్నెప్పుడైనా గోడ దగ్గరికి రానిచ్చారా?" అని, కత్తెర తీసి నా ముందు పెట్టింది. ఆ కత్తెర ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కుంది. ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. "ఇదే ఆఖరు. ఇది కూడా బీరువా ఎక్కిందంటే ఈ కత్తెర నీకిచ్చేస్తా. ఇంక అట్ట ముట్టను."

నవ్వుతూనే అంది. కానీ అత్త చొక్కాల విషయంలోనూ మాట విషయంలోనూ మడత తప్పే మనిషి కాదు.

పెళ్లిరోజు శనివారం పడింది. శనివారం కొట్లో ఊపిరాడదు, అత్తకి సాయంత్రం దాకా సెలవు దొరకలేదు. అక్షరాల పెట్టె నేనే తీసుకెళ్లి వదినకిచ్చి, కత్తెర సంగతి కూడా చెప్పి బతిమాలాను. వదిన చాలాసేపు గోడకేసి చూసింది.

"సరే. కానీ కొత్త మేకు కొట్టకూడదు, టేపు అంటించకూడదు. కిటికీ ఊచ నుంచి గడియారం మేకు దాకా దారం కట్టుకోమను మీ అన్నయ్యని" అంది.

ఆ మాటకే పొంగిపోయి, నేను కేకు తేవడానికి బయటికి వెళ్లాను. అటునుంచి అటే కొట్టుకి వెళ్లి అత్తని కూడా వెంటబెట్టుకుని రావాలని నా ఆలోచన.

నేను లేనప్పుడు జరిగింది తర్వాత విచారణలో బయటపడింది. మా అన్నయ్యకి కళ్లజోడు లేకపోతే ఏనుగు కూడా ఆనదు. ఫోటోల్లో కళ్లజోడు లేకుండానే బాగుంటాడని వదిన దాన్ని దాచేసింది. అయినా పాపం బుద్ధిమంతుడు, స్టూలెక్కి అక్షరాలు పెట్టెలో ఉన్న వరసలోనే గుచ్చాడు. అన్నీ అయ్యాక చూస్తే పొట్లంలో గుండీ మిగిలింది. లోపల గదిలో జడ వేసుకుంటున్న వదినని అక్కణ్నుంచే కేకేశాడు.

"ఏమోయ్, సున్నా ఎక్కడ పెట్టాలి?"

వదిన ఆ పొద్దున్నే ఒకటి ఆకారంలో ఒకటి, సున్నా ఆకారంలో ఒకటి, రెండు పెద్ద బెలూన్లు తెచ్చింది. అన్నయ్య అడుగుతున్నది వాటి గురించే అనుకుంది. అవి రెండూ అప్పటికే వీధి గుమ్మానికి వేలాడుతున్నాయని ఆమెకి తెలీదు.

"మొదటిదాని పక్కనే! అది కూడా నేనే చెప్పాలా?"

చెప్పినట్టు వినే మొగుడు కాబట్టి, అన్నయ్య మొదటి అక్షరం పక్కనే గుండీ పెట్టి, గట్టిగా ముడేసి, స్టూలు దిగాడు.

చుట్టాలొచ్చారు, ఇరుగుపొరుగులొచ్చారు. మేనేజరు గారూ వచ్చారు. ఆయన భారీ మనిషి. గుమ్మంలో ఆయన, ఆయన వెనక పూలగుత్తి, దాని వెనక ఆయన భార్య. అన్నయ్య ఎంతో గౌరవంగా ఆయన్ని తీసుకెళ్లి సరిగ్గా మొదటి అక్షరాల కింద నిలబెట్టాడు. "ఇక్కడ వెలుతురు బాగుంటుంది సార్" అన్నాడట. పక్కింటాయన ఫోను ఎత్తి, "అందరూ ఇటు చూడండి" అన్నాడు.

అన్నయ్య కూతురికి చదవడం కొత్తగా వచ్చింది. కనపడిన బోర్డల్లా చదివి అందరి ప్రాణాలూ తీస్తుంటుంది. గది నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణంలో అది తలెత్తి, ఒక్కో అక్షరాన్నీ వేలితో చూపిస్తూ కూడబలుక్కుని చదివింది.

"పం... ది. పంది! వ, స, తా, లు. అమ్మా, వసతి అంటే ఉండే చోటనేగా చెప్పావు? మనింట్లో పందులుంటాయా?"

అందరూ పైకి చూశారు. తర్వాత కిందికి, మేనేజరు గారికేసి చూశారు. ఆయన కూడా మెల్లిగా వెనక్కి తిరిగి, తల పైకెత్తి, నింపాదిగా చదివాడు. వదిన మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడాయన తన పొట్ట మీద చెయ్యేసుకుని, "సరిగ్గా నా చోటులోనే నిలబెట్టావయ్యా!" అని పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాక ఇంకెవరాగుతారు? ఇంటి కప్పు ఎగిరిపోయింది. వదిన అయితే నేల మీద చతికిలబడి నవ్వింది.

సరిగ్గా అప్పుడే నేనూ అత్తా గుమ్మంలోకి వచ్చాం.

అత్త ఎప్పట్లాగే ముందు గోడకేసి చూసింది. తను చేసింది గోడ మీద ఉంది. ఆమె మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత చదివింది. ఆ తర్వాత నవ్వుతున్న మనుషులందర్నీ చూసింది.

కేకు ముక్క ఇస్తే తింది, అన్నయ్యనీ వదిననీ చల్లగా ఉండమంది, పిల్లని ముద్దుపెట్టుకుంది. వీధిలోకి వచ్చాక సంచీలోంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

"ఎక్కించక ఎక్కించక ఒక్కసారి గోడెక్కించారు, అదీ వెక్కిరించడానికి" అంది.

అసలేం జరిగిందో అప్పటికి నాకూ తెలీదు.

మర్నాడు అన్నయ్యని నిలదీసి, సున్నా భాగోతం మొత్తం కక్కించి, అత్త దగ్గరికి పరిగెత్తాను. ఆమె నమ్మలేదు. "ఒక్క గుండీకి అంత కథ అల్లారా! బాగానే ఉంది" అంది.

ఆ రోజు నుంచి అత్త కొట్టు నుంచి వట్టి చేతులతో రావడం మొదలుపెట్టింది. పై గదిలో జిగురు వాసన లేదు. అలవాటైన వాసన లేకపోయేసరికి ఇల్లు మాది కాదేమో అన్నట్టుంది. అమ్మకి బెంగపట్టుకుంది. నాన్న ఒక ఎత్తు వేశాడు. కళ్లజోడు ఇంటిని తనే చింపి, పైకి తీసుకెళ్లి, "అక్కా, నా కళ్లజోడు నిలవ నీడ లేక వీధిన పడింది. ఇంకోటి చేసిపెట్టవా?" అన్నాడు.

అత్త ఆ అట్టని తిప్పి చూసింది. "చేత్తో చింపావని తెలుస్తూనే ఉందిరా. జాలిపడి అడిగితే అది అడిగినట్టు కాదు" అని తిరిగిచ్చేసింది. నాన్న తల వేలాడేసుకుని దిగొచ్చాడు.

తర్వాత ఒక సాయంత్రం వదిన నాకు ఫోను చేసి, అత్తకి ఇమ్మంది. అత్త అప్పుడే కొట్టు నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. స్పీకరు నొక్కి ఆమె పక్కన పెట్టాను.

"అత్తయ్యా, ఆ సున్నా పాపం నాదేనండీ. నేను బెలూన్ అనుకుని చెప్పాను."

"పోన్లేమ్మాయ్. అయిపోయిందిగా."

"ఎక్కడయిందండీ! గుండీ సరిచేద్దామని మీ అబ్బాయి స్టూలెక్కడం ఆలస్యం, మీ మనవరాలు ఇల్లు పీకి పందిరేసింది. పంది ఉండాల్సిందేనట. మొత్తం ఊడదీయించి తన గది తలుపుకి కట్టించుకుంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది."

అత్త పెదవులు కొంచెం కదిలాయి. నవ్వు కాదు కానీ, దానికి చుట్టం.

"ఇప్పుడు హాల్లో గోడ మరీ బోసిగా కనపడుతోందండీ" అంది వదిన. ఆ మాట వదిన నోటి నుంచి వచ్చిందా అని నేను ఫోనుకేసి చూశాను. "నాకు హాల్లోకి సరైనది ఇంకోటి కావాలి. పిల్ల తలుపుకి ఒక పంది బొమ్మ కూడా కావాలి. మీరు చేసిపెడతారా?"

అత్త పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"పెళ్లిరోజు అయిపోయిందిగా. ఇంకెందుకమ్మా?"

"వచ్చే పెళ్లిరోజు దాకా పదే కదండీ."

"గోడ ఎంత వెడల్పుంటుంది?" అంది అత్త.

"నాకేం తెలుసండీ? మీరే వచ్చి కొలుచుకోండి. ఈసారి దారాలూ అవీ కాదు, మేకు కొట్టిద్దాం. ఎక్కడ కొట్టాలో మీరే చూపించాలి."

అత్త ఫోను నా ఒళ్లో పడేసి, పైకి వెళ్లి, మెడలో కొలతల టేపు వేసుకుని దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా ముందు నిలబడి చెయ్యి చాపింది.

"నా కత్తెర ఏదే?"

"నాకిచ్చేశావుగా అత్తా!"

"ఇచ్చాను సరే. ఒక్క అట్టయినా కోశావా దాంతో? ఇలా తే. వాళ్లు అడిగారు, అవతల నాకు బోలెడు పనుంది."

తెచ్చి ఇచ్చాను. పదును బొటనవేలితో చూసుకుని సంచీలో వేసుకుంది. చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్లి, ఆగి వెనక్కి తిరిగింది.

"అవునే, పంది తోక ఏ వైపుకి చుట్టుకునుంటుంది?"